ఏ వెయిట్‌లో ఆడాడు?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. హనుమకొండలో జర్నలిజం చదువుతున్నారు. సమీక్ష రాయడం నేర్చుకునే పాఠంలో భాగంగా 2007 నాటి అమెరికన్ సినిమా ‘రిసరెక్టింగ్ ద చాంప్’ చూశారు, బాగా నచ్చింది. తీరా అప్పటి సమీక్షలు తిరగేస్తే కొందరు మెచ్చుకున్నారు, కొందరు పెదవి విరిచారు. విమర్శకులు దీనికి అన్యాయం చేశారా, అసలు ఇది బాక్సింగ్ సినిమానా, పత్రికల సినిమానా అని అడిగారు.

అన్యాయమేమీ జరగలేదు. కొందరైతే అవసరానికి మించి దయ చూపారని కూడా అంటాను. మీకు నచ్చిన సినిమాను తీసిపారేయాలని కాదు. ఇరవై ఆరేళ్లు క్రీడావార్తలు రాసి, దిద్ది బతికినవాణ్ని. ఈ సినిమాలో విలేకరి చేసిన తప్పును నేను కూడా చేయబోయి, ఇంకొకరి పుణ్యాన అంచు దాకా వెళ్లి ఆగినవాణ్ని. కాబట్టి నా మాటల్లో సొంత గొడవ కొంత కలిసి ఉంటుంది. అది తీసేసి చదువుకోండి.

సినిమా చూడనివారి కోసం కథ నాలుగు మాటల్లో. డెన్వర్ నగరంలో ఎరిక్ కెర్నన్ అనే క్రీడా విలేకరి. ఆ పాత్ర జాష్ హార్ట్‌నెట్ వేశాడు. తండ్రి రేడియోలో బాక్సింగ్ వ్యాఖ్యాతగా పేరు మోసినవాడు. కొడుకు రాతలో మాత్రం పస లేదని ఎడిటర్ ముఖం మీదే చెబుతాడు. ఒక రాత్రి కుర్రాళ్ల చేతిలో దెబ్బలు తిన్న ఇల్లూవాకిలీ లేని ముసలాయన ఎరిక్ కంటపడతాడు. నేను బాబ్ సాటర్‌ఫీల్డ్‌ని అంటాడు. సాటర్‌ఫీల్డ్ అంటే ఒకప్పటి పేరున్న హెవీవెయిట్ బాక్సర్, ఎప్పుడో చనిపోయాడని అందరూ అనుకున్న మనిషి. విలేకరి ఆ కథ రాస్తాడు, రాత్రికి రాత్రి పేరొస్తుంది, టీవీవాళ్లు పిలుస్తారు. ఆ తర్వాత బయటపడుతుంది, ఈ ముసలాయన సాటర్‌ఫీల్డ్ కాదని. బాక్సరే, కానీ వేరే బాక్సర్.

ముందుగా అంకెల సంగతి చెప్పాలి, ఎందుకంటే మీరు అక్కడే పొరబడ్డారు. సమీక్షలన్నీ ఒకచోట చేర్చి లెక్కగట్టే రాటెన్ టొమాటోస్‌ వెబ్‌సైట్‌లో దీనికి అరవై శాతం చుట్టుపక్కల కనిపిస్తుంది. దాన్ని మీరు నూటికి అరవై మార్కులుగా, అంటే ఫస్ట్ క్లాసుగా తీసుకున్నారు. అది మార్కు కాదు. రాసినవారిలో ఎంతమంది ‘ఫరవాలేదు’ వైపు మొగ్గారో చెప్పే తలకాయల లెక్క. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. ఆ 5-0ను ‘ఐదు పాయింట్ల తేడాతో’ అని రాసేవారు ఉంటారు. అక్కడ ఐదు అంటే రింగు చుట్టూ కూర్చున్న ఐదుగురు జడ్జిలు, ఐదుగురూ ఆమె వైపే ఉన్నారని అర్థం. ఒక్కో జడ్జి కాగితంలో తేడా ఒక్క పాయింటే అయినా ఫలితం మాత్రం 5-0 అనే వస్తుంది. ఈ సినిమాది దాదాపు 3-2 తీర్పు. గెలిచిందని రాసుకోవచ్చు, ఊరేగింపు మాత్రం పెట్టలేం. బొటాబొటిగా మెచ్చినవాడూ, పొంగిపోయినవాడూ ఆ అరవైలో ఒకే తలగా లెక్కకొస్తారు. మెటాక్రిటిక్ అనే ఇంకో వెబ్‌సైట్ సమీక్షల తీవ్రతను కూడా తూచి సగటు తీస్తుంది. అక్కడ ఇదే సినిమా యాభైల్లో ఆగింది. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. మెచ్చినవారు కూడా గట్టిగా మెచ్చలేదు.

అందరూ కలిసి ఒప్పుకున్న విషయం ఒకటుంది, ముసలాయన పాత్రలో శామ్యూల్ ఎల్. జాక్సన్ నటన. సినిమాను తిట్టినవారు కూడా ఆయన్ని పక్కన పెట్టి తిట్టారు. మళ్లీ చూసినప్పుడు ఆ గొంతు గమనించండి. మామూలుగా గోడలు అదిరేలా మాట్లాడే మనిషి, ఇక్కడ గొంతుకు దెబ్బ తగిలినట్టు సన్నగా, గరగరగా, కాస్త పైశ్రుతిలో మాట్లాడతాడు. నడకలో పాత శిక్షణ తాలూకు తూగు కొద్దిగా మిగిలి ఉంటుంది. దెబ్బలు తిని తిని మతి చెదిరిన మనిషికీ, అన్నీ తెలిసి అబద్ధం ఆడే మనిషికీ మధ్య ఆయన ఎక్కడున్నాడో చివరి దాకా పట్టివ్వడు. హార్ట్‌నెట్ విషయంలో మాత్రం మాట కలవలేదు. సాదాసీదా రాతగాడి పాత్రకు ఆ చప్పదనమే సరిపోయిందని కొందరు, జాక్సన్ పక్కన తేలిపోయాడని కొందరు. నేను రెండో గుంపు.

ఇక అసలు చీలిక. అది అర్థం కావాలంటే సినిమాకు ఆధారమైన కథనం దగ్గరికి వెళ్లాలి. జె.ఆర్. మోరింగర్ అనే విలేకరి 1997లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆదివారం మేగజీన్‌లో అదే శీర్షికతో ఒక పెద్ద కథనం రాశాడు. తర్వాత 2000లో ఇంకో కథనానికి పులిట్జర్ పత్రికా పురస్కారం అందుకున్నాడు. ఆండ్రీ అగస్సీ, ప్రిన్స్ హ్యారీ ఆత్మకథల వెనుక చెయ్యి కూడా ఈయనదే. ఒకరి కథ ఇంకొకరు చెప్పుకుంటే ఏమవుతుందో వెతుకుతూ పేరు తెచ్చుకున్నవాడు చివరికి ఇతరుల కథలు వాళ్ల గొంతుతో రాసే పనిలో స్థిరపడ్డాడు. దాని మీద విడిగా ఒక సినిమా తీయొచ్చు.

ఆ కథనంలో జరిగింది వేరు. కాలిఫోర్నియాలోని శాంటా ఆనా వీధుల్లో తిరిగే ముసలాయన తాను సాటర్‌ఫీల్డ్‌నన్నాడు. మోరింగర్ నమ్మాడు, ప్రేమలో పడినంత గట్టిగా నమ్మాడు. కానీ అచ్చు వేసే ముందు ఆరా తీస్తూ పోయాడు. నిజం సాటర్‌ఫీల్డ్ 1977లోనే చనిపోయాడనీ, ఈయన టామీ హారిసన్ అనే మరో పాత బాక్సరనీ తేలింది. అలా తేలిన క్రమాన్నే కథనంగా రాశాడు. నమ్మాలని తనకు ఎందుకంత ఆరాటం కలిగిందో తన్ను తాను నిలదీసుకున్నాడు. అంటే కాగితం మీద కథ ‘అచ్చుకు ముందు’ నడుస్తుంది. సినిమా దాన్ని ‘అచ్చు తర్వాత’కు మార్చింది. పత్రిక బయటికి వచ్చాక గుట్టు రట్టవడం తెర మీద పెద్ద మలుపు. కాదనను, నాటకం పండుతుంది. కానీ ఆ ఒక్క మార్పుతో కథానాయకుడు సత్యం వెతికే మనిషి కాకుండా పోయాడు, వెతకడం మానేసిన మనిషి అయ్యాడు.

ఇప్పుడు ఆ సమీక్షలు రాసినవారెవరో గుర్తు చేసుకోండి. 2007లో అమెరికాలో సినిమా సమీక్షకుల్లో చాలామంది దినపత్రికల ఉద్యోగులే. న్యూయార్క్ టైమ్స్‌లో జేసన్ బ్లెయిర్ అనే విలేకరి కల్పించి, ఎత్తిరాసి దొరికిపోయింది 2003లో. ఆ దెబ్బకు పత్రిక ఎగ్జిక్యూటివ్ ఎడిటరే దిగిపోవాల్సి వచ్చింది. ఆ గాయం మానకముందే, సరిచూసుకోకుండా రాసిన విలేకరిని జాలిగా చూడమని ఒక సినిమా వచ్చి అడిగింది. కొందరు చూడలేకపోయారు. కొందరు మాత్రం, ఇంతకాలానికి ఒక సినిమా మా వృత్తిని సీరియస్‌గా పట్టించుకుంది కదా అని మెత్తబడ్డారు. ఒకే కారణం ఒకరిని కఠినంగా, ఇంకొకరిని ఉదారంగా మార్చింది. దర్శకుడు రాడ్ లూరీ కూడా ఒకప్పుడు సినిమా విమర్శకుడే, లాస్ ఏంజెలెస్‌లో పత్రికకూ రేడియోకూ పనిచేసినవాడు. తన పాత కులంవాళ్ల దగ్గరే పరీక్ష రాసినట్టయింది పాపం.

నమ్మశక్యం కాదనే ఫిర్యాదు కూడా వచ్చింది. అందులో సగమే ఒప్పుకుంటాను. అమెరికాలో పెద్ద వారపత్రికలకు ప్రతి వాక్యాన్నీ విడిగా సరిచూసే ఉద్యోగులు ఉంటారు. దినపత్రికల్లో సాధారణంగా ఆ వ్యవస్థ ఉండదు, విలేకరినీ, వార్తలు దిద్దే డెస్కునూ నమ్ముకునే పని. కాబట్టి తప్పు జారిపోవచ్చు. కానీ బాక్సింగ్‌లో జారిపోవడం కష్టం. ఇది రికార్డుల ఆట. ఎవరితో ఎప్పుడు తలపడ్డాడు, ఎన్నో రౌండులో పడ్డాడు, ఎంత బరువు తూగాడు, అన్నీ ఎక్కడో ఒకచోట నమోదై ఉంటాయి. సాటర్‌ఫీల్డ్ అనామకుడు కూడా కాదు. 1946లో జేక్ లమోటా చేతిలో, 1954లో ఎజార్డ్ చార్లెస్ చేతిలో నాకౌట్ అయిన మనిషి. పిడికిలి ఉక్కు, దవడ గాజు. ‘ద రింగ్’ అనే బాక్సింగ్ పత్రిక 2003లో వేసిన, గట్టి దెబ్బ కొట్టే వందమంది గొప్ప బాక్సర్ల జాబితాలో కూడా ఉన్నాడు. అలాంటివాడి చావు వార్త ఒక సాయంత్రం లైబ్రరీలో కూర్చుంటే దొరకదా అనే ప్రశ్న బాక్సింగ్ తెలిసిన సమీక్షకుడికి మొదటి అరగంటలోనే వస్తుంది. ఒకసారి వచ్చాక ఇక పోదు. మీకు రాలేదంటే తప్పు మీది కాదు, మీరు ఆ డెస్కు మీద కూర్చోలేదు, అంతే.

నేను కూర్చున్నాను. దానికి ముందు డెస్కు అవతలి వైపు కూడా నిలబడ్డాను.

1990ల మధ్యలో హనుమకొండ నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని. జీతం లేదు. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి సెంటీమీటర్ల లెక్కన డబ్బులిచ్చేవారు. కాబట్టి పొడుగు కథనం అంటే నాకు పేరు మీదా ఆశే, పైసల మీదా ఆశే. ఎనుమాముల మార్కెట్ వైపు ఒక పత్తి గోదాముకు రాత్రి కాపలా కాసే పెద్దాయన ఉండేవారు. చుట్టుపక్కల టీకొట్లవాళ్లు ఆయన్ని ‘చాంపియన్’ అని పిలిచేవారు. వయసులో ఉన్నప్పుడు సైన్యంలో చేశాననీ, 1960ల్లో జాతీయ పోటీల ఫైనల్ దాకా వెళ్లాననీ చెప్పేవారు. పచ్చబడిన ఫొటో ఒకటి చూపించారు. బనియన్లు, గ్లౌజులు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు, ముఖాలు సగం చెరిగిపోయాయి. ‘ఎడమ పక్కన ఉన్నది నేనే బిడ్డా’ అన్నారు. నేను ఆ రాత్రే కూర్చుని ఎనిమిది పేజీలు రాశాను. చక్కగా రాశాను కూడా, ఆ గర్వం ఇప్పటికీ ఉంది. ఫొటోతో కలిపి కవరులో పెట్టి హైదరాబాద్ బస్సుకు ఇచ్చి పంపాను.

మర్నాడు డెస్కు నుంచి సీనియర్ సబ్ ఎడిటర్ ఫోను. ‘తమ్ముడూ, కథనం బాగుంది. ఏ వెయిట్‌లో ఆడాడు?’

ఏ బరువు తరగతిలో పోటీపడ్డారో నా దగ్గర జవాబు లేదు. ఎనిమిది పేజీల్లో ఆయన చూపులో దిగులు ఉంది, గోదాము మీద వెన్నెల ఉంది, వెయిట్ లేదు. ‘కనుక్కుని చెప్పు, అప్పటిదాకా పేజీలో పెట్టను’ అని ఫోను పెట్టేశాడు. చచ్చేంత కోపం వచ్చింది.

పెద్దాయన్ని అడిగితే మొదట ‘పెద్ద వెయిటే’ అన్నారు. రెండోసారి ‘మిడిల్’ అన్నారు. మిడిల్ వెయిట్ అంటే డెబ్బై ఐదు కిలోలు. వయసుతో మనిషి తగ్గుతాడు, కండ కరుగుతుంది. మణికట్టు ఎముక మాత్రం తగ్గదు. ఆయన మణికట్టు చుట్టూ నా బొటనవేలూ చూపుడువేలూ తేలిగ్గా కలిసిపోయాయి. మంచి వయసులో కూడా ఆ చెయ్యి ఫ్లై, బాంటమ్ వెయిట్‌లు దాటి ఉండదు, అంటే యాభై ఒకటి, యాభై నాలుగు కిలోలు. దాంతో మొత్తం అబద్ధమే అనుకున్నాను. చివరి ప్రయత్నంగా మందుల షాపులో రెండు క్రేప్ బ్యాండేజీలు కొని ఆయన చేతికిచ్చి, కట్టుకోమన్నాను.

కట్టుకున్నారు. ముందు బొటనవేలికి మెలి, అక్కడి నుంచి చేతి వెనుక మీదుగా మణికట్టుకు మూడు చుట్లు, తర్వాత కణుపుల మీద, ఆ పైన వేళ్ల సందుల్లోంచి ఒక్కొక్కటిగా, తిరిగి మణికట్టు దగ్గర ముడి. వేళ్లు చూడకుండానే. కట్టడం అయ్యాక పిడికిలి బిగించి, అరచేతిలో రెండుసార్లు కొట్టుకుని, విప్పి, ఒక చుట్టు వదులు చేసి మళ్లీ కట్టారు. ఆ వదులు చేయడం ఎవరో చెబితే రాదు. బిగుతుగా కడితే మూడో రౌండుకు వేళ్లు మొద్దుబారతాయని అనుభవించినవాడికే తెలుస్తుంది. మనిషి బాక్సరే.

చాలాసేపటికి చెప్పారు. ఫొటోలో ఎడమ పక్కన ఉన్నవాడు బ్యారక్‌లో ఆయన పక్క మంచం నేస్తం. ఫైనల్ దాకా వెళ్లింది ఆ నేస్తం. ఈయన కుడి పక్కనున్న కుర్రాడు, రోజూ సాయంత్రం అతని ఎదుట నిలబడి దెబ్బలు కాచిన స్పారింగ్ జోడీ. ‘వాడు లేడు. చెప్పుకుంటే ఎవరికి నష్టం బిడ్డా?’ అన్నారు.

పదేళ్లకు పైగా గడిచాక ఈ సినిమా చూస్తూ నేను తుళ్లిపడింది ఆ ప్రశ్న దగ్గరే. నష్టం ఎవరికో సినిమాకు తెలుసు. నిజం సాటర్‌ఫీల్డ్ కొడుకు పాత్రలో హ్యారీ లెనిక్స్ వచ్చి, మా నాన్న పేరుతో మీరు చేసిందేమిటని అడిగేటప్పుడు సినిమా నిటారుగా నిలబడుతుంది. నా దృష్టిలో మొత్తం సినిమాలో గట్టి భాగం అదే. అక్కడే ఇంకాస్త సేపు నిలిచి ఉంటే సమీక్షల లెక్క మారిపోయేది. కానీ కెమెరా మళ్లీ విలేకరి ఇంటి వైపు తిరుగుతుంది. తనకు జాన్ ఎల్వే లాంటి పెద్ద ఆటగాళ్లు స్నేహితులని చిన్న కొడుక్కి గొప్పలు చెప్పిన తండ్రి, ఆ గొప్పలు వెనక్కి తీసుకోవడం ఎలాగన్నది ముందుకు వస్తుంది. తండ్రీకొడుకుల సంగతులు మూడు జంటల్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, పాత్రల చేతే వాటి అర్థం చెప్పించారు. పాఠం చెబుతున్నట్టుంది, కన్నీళ్లు పిండుతున్నారు అని విమర్శకులు అన్నది దీన్నే. మీరు చలించిపోయిన చోటూ, వాళ్లు విసుక్కున్న చోటూ ఒకటే అన్నమాట. మీకు కన్నీళ్లు వచ్చాయంటే అది కూడా ఒక సాక్ష్యమే, దాచకుండా సమీక్షలో రాయండి.

బాక్సింగ్ సినిమానా అన్నదానికి జవాబు చిన్నది. కాదు. పాత పోటీలు కాసేపు జ్ఞాపకాలుగా వచ్చిపోతాయి, అంతే. 2004లో ‘మిలియన్ డాలర్ బేబీ’, 2006లో ‘రాకీ బాల్బోవా’ చూసి అలవాటు పడిన కళ్లతో, అలాంటి ఆఖరి పోటీ కోసం వచ్చినవారు నిరాశతో వెళ్లారు. మన తెలుగువాళ్లు చూసినా అదే జరిగేది. మనకు బాక్సింగ్ సినిమాలుగా గుర్తున్నవాటిలో ‘తమ్ముడు’, ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ కిక్ బాక్సింగ్ కథలు, అదే వేరే ఆట. అయినా చివర గంట మోగాల్సిందే, ఎవరో ఒకరు కింద పడాల్సిందే. ఈ సినిమాలో కింద పడేది ఒక కథనం.

మీ పాఠానికి పనికొచ్చే సలహా ఒక్కటే ఉంది. ముందు మోరింగర్ కథనం చదవండి, ఆ తర్వాత సినిమా మళ్లీ చూడండి, ఆ పైన పది సమీక్షలు ముందు పెట్టుకుని ఒక్కో రచయిత దేన్ని చూసి తీర్పు చెప్పాడో పక్కన రాసుకోండి: నటన, బాక్సింగ్, వృత్తి, కుటుంబం. ‘విమర్శకులు అన్యాయం చేశారు’ అనే మీ శీర్షిక తర్వాత నిలబడితే అలాగే ఉంచండి, నాకేమీ అభ్యంతరం లేదు.

నా కథనం సంగతి కూడా చెప్పాలి కదా. జరిగింది జరిగినట్టు డెస్కుకు చెప్పాను. ‘ఇప్పుడు రాయి’ అన్నాడు సీనియర్. ఎనిమిది పేజీలు మూడయ్యాయి. పెద్దాయన సొంత పేరుతో, నేస్తానికి తోడు నిలబడి దెబ్బలు కాచిన మనిషిగా, జిల్లా పేజీలో ఇరవై రెండు సెంటీమీటర్లు వచ్చింది. ఆయనకు గౌరవం చేశాననే అనుకుని పత్రిక తీసుకుని గోదాముకు వెళ్లాను. లైటు కింద నిలబడి మొత్తం చదివారు. నాలుగు మడతలు పెట్టి నా చేతికే తిరిగిచ్చారు. ఆ తర్వాత టీకొట్టువాళ్లు ఆయన్ని చాంపియన్ అని పిలవడం మానేశారు. అటువైపు వెళ్లినప్పుడల్లా నేను నమస్కారం పెట్టేవాణ్ని. ఆయన చెయ్యెత్తడం మళ్లీ ఎప్పుడూ చూడలేదు.